వరదరాజులు సారు పూడ్పించిన తాబేలు

వరదరాజులు తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఇది వెనకాల చెప్పే మాట కాదు, ఆయన ముఖం మీదే చాలాసార్లు అన్నాను. ఆళ్లగడ్డలో మా ఇద్దరిదీ ఒకే వీధి. నంద్యాలలో ఒకే డిగ్రీ కాలేజీలో ఆయన జువాలజీ చెబుతాడు, నేను కెమిస్ట్రీ చెబుతాను. రోజూ పొద్దున కలిసే బస్సెక్కుతాం. ఒకసారి ఏదో ధ్యాసలో పడి ఆయన కోవెలకుంట్ల బస్సెక్కి కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గరికి పరిగెత్తి, "అన్నా, ఇది మన బస్సు గాదు, దిగు" అన్నాను. బస్సులో నలుగురు తిరిగి చూశారు. "నాకు కోవెలకుంట్లలో పనుండాదిలేప్పా" అన్నాడాయన. పనీ లేదు, పాడూ లేదు. కోవెలకుంట్ల దాకా పోయి, బస్టాండులో టీ తాగి, ఇంకో బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి కాలేజీకి వచ్చాడు. నలుగురి ముందు దిగడం కంటే ఆయనకు అదే సుఖం.

ఆయన పుట్టింది దిగువ అహోబిలంలో. తండ్రి గుడి సేవలో ఉండేవాడు, పాశురాలు చదివే గోష్ఠిలో ముందు వరస. కొడుకును కూడా పక్కన నిలబెట్టుకుని నేర్పించాడు. ఒక ఉత్సవం రోజున, ఊరంతా ఉండగా, పిల్లవాడు నడి మధ్యలో పాశురం మరిచిపోయాడు. మరిచిపోయి ఊరుకోకుండా తోచిన మాట కలిపాడు. పెద్దవాళ్లు నవ్వారు. తండ్రి నవ్వలేదు, తిట్టలేదు, ఇంటికి పోయేదాకా కొడుకు ముఖం చూడలేదు. ఆ సంగతి వరదరాజులు నాకు ఎన్నిసార్లు చెప్పాడో! ప్రతిసారీ చివర్లో "అంతమంది నవ్వినారప్పా" అనేవాడు. తండ్రి చూడకపోవడం గురించి మాత్రం ఒక్కసారే చెప్పాడు.

అలాంటి ఇంట్లోంచి వచ్చి కప్పలు కోసే చదువు చదివాడు. కాలేజీ నుంచి వస్తే పెరట్లోనే నీళ్లు పోసుకుని ఇంట్లోకి రావాలని తండ్రి శాసనం. చలికాలంలో కూడా చన్నీళ్లే. అయినా చదివాడు, బాగా చదివాడు. నిజం చెప్పాలంటే ఆయనలాంటి మాస్టారు మా కాలేజీలో ఇంకొకరు లేరు. ముఖ్యంగా తాబేలు గుండె పాఠం. ఆయన ఆ పాఠం చెబుతుంటే ఎదురుగా ఉన్న మా ల్యాబులో పిల్లలు పరీక్షనాళికలు కింద పెట్టి వినేవాళ్లు. నేనూ వినేవాణ్ణి.

"మన గుండెకు నాలుగు గదులు, దీనికి మూడే. కింది గదిలో గోడ సగం కట్టి వదిలేసినారు" అని మొదలుపెట్టేవాడు. పిల్లలు నవ్వేవాళ్లు. "నవ్వొద్దు. ఆ సగం గోడలోనే ఉండాది మహిమంతా. తాబేలు నీళ్లలో మునిగిందనుకో, బురదలో దూరిందనుకో. ఊపిరి పీల్చడం లేదు. ఊపిరే లేనప్పుడు ఊపిరితిత్తులకు రక్తం పంపడం దండగ గదా? అప్పుడు మెదడు నుంచి వేగస్ అనే నాడి గుండెకు కబురు పెడతాది: మెల్లగా కొట్టుకో, తొందరేం లేదు అని. ఊపిరితిత్తులకు పోయే రక్తనాళాన్ని కూడా బిగిస్తాది. ఆ రక్తం సగం గోడ దాటుకోని మళ్లీ ఒంట్లోకే తిరుగుతాది. మన కె.సి. కాలువ మీద లస్కర్ ఉంటాడు చూడండి. నీళ్లు తక్కువైతే యా పిల్లకాలువకు షట్టర్ దించాల్నో వాడే చూసుకుంటాడు. వేగస్ నాడి తాబేలు ఒంట్లో లస్కర్. మళ్లీ గాలి దొరికినంక ఇంకో రకం నాడులు, సహానుభూత నాడులు, గుండెను లేపి తరుముతాయి. ఆ మధ్యలో మీరు చెయ్యి పెట్టి చూస్తే గుండె ఆగిపోయిందనుకుంటారు. తొందరపడి చచ్చిందనొద్దు!"

తొందరపడి చచ్చిందనొద్దు. ఏటేటా అదే మాట, అదే చోట, వేలు పైకెత్తి.

పోయిన ఏడు మే నెలలో ఆయన అక్క అలమేలుమంగ బావి పూడిక తీయించింది. ఆమెదీ మా వీధే, ఒంటరి మనిషి. భర్త ఉన్నప్పుడు కాలువలోంచి ఒక తాబేలుపిల్లను తెచ్చి పెరటి బావిలో వదిలాడు. మా వైపు బావుల్లో తాబేలును వదలడం పాత అలవాటు. పురుగూ పుట్రా తిని నీళ్లు శుభ్రంగా ఉంచుతుందని. ఆ ఇంట్లో అయితే దానికి ఇంకో హోదా కూడా ఉంది, అది కూర్మావతారం. దాని పేరు కూర్మయ్య. భర్త పోయాక అలమేలుమంగ పొద్దున్నే బావి గట్టు మీద నిలబడి "కూర్మయ్యా, లేచినావా" అని పలకరించి గాని కాఫీ తాగేది కాదు. ఆ ఎండలకు బావిలో నీళ్లు అడుగంటాయి. తాబేలు కనబడడం మానేసింది. ఆమెకు దిగులు పట్టుకుంది. పూడిక తీయించడానికి సగం కారణం అదే.

ఆదివారం కాబట్టి వీధిలో పని లేనివాళ్లమంతా అక్కడే ఉన్నాం. గిలక మీద గంపలు పైకొస్తున్నాయి. ఒక గంపలో బురదముద్దతో పాటు కూర్మయ్య వచ్చాడు. తల లోపలికి, కాళ్లు లోపలికి, డిప్ప కింద పలకలు గట్టిగా మూసుకుపోయి. మేస్త్రీ దాన్ని తిరగేసి వేలితో పొడిచాడు. చలనం లేదు.

"అమ్మా, ఇది సచ్చినట్టుండాదే" అన్నాడు.

అలమేలుమంగ తమ్ముడి వైపు చూసింది. అందరం అటే చూశాం. తాబేలు గురించి తెలిసిన మనిషి ఆళ్లగడ్డలో ఇంకెవరున్నారు?

వరదరాజులు పంచె ఎగ్గట్టి కూర్చున్నాడు. మనిషికి నాడి చూసినట్టు దాని మెడ సందులో రెండు వేళ్లు పెట్టి, చేతి గడియారం చూస్తూ కాసేపు ఉన్నాడు. అంతమంది తననే చూస్తున్నారని ఆయనకు తెలుసు. లేచి నిలబడి, "పోయింది అక్కా. గుండె ఆడడం లేదు" అన్నాడు.

అప్పుడు పిట్టగోడ అవతల నుంచి ఒక గొంతు వినపడింది. పక్కింటి సంజీవయ్య కూతురు జాహ్నవి. సంజీవయ్య శిల్పి, పెరడంతా రాళ్లే. ఆ పిల్ల మా కాలేజీలోనే బీఎస్సీ రెండో సంవత్సరం, మా వరదరాజులు శిష్యురాలే.

"సార్, చచ్చిపోయిండదేమో సార్. బురదలో పండుకోనుండింది గదా. వేగస్ నాడి గుండెను ఆపినట్టు చేస్తాదని మీరే చెప్పినారు సార్. తడిగుడ్డ మీద నీడకు పెట్టి సాయంత్రం దాకా చూద్దాం సార్."

వరదరాజులు చెవులు ఎర్రబడడం నేను చూశాను. ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్క క్షణంలో "అవును తల్లీ, చూద్దాం" అని ఉంటే సరిపోయేది. ఎవరూ నవ్వేవాళ్లు కూడా కాదు.

"ఏందీ, నాకే పాఠం చెప్తాండావా?" అన్నాడు. "ముందు పరీక్షలో పాసయ్యేది చూసుకో పో. చచ్చినదానికీ బతికినదానికీ తేడా తెలీకుండానే ఇన్నేండ్లు పాఠాలు చెప్తాండానా? నోరు మూసుకోని పనిచూసుకో."

మేస్త్రీ నవ్వాడు. మేస్త్రీ నవ్వాడని కూలీలు నవ్వారు. చెప్పడానికి నాకూ బాగాలేదు గానీ, నేను కూడా నవ్వకుండా ఉండలేదు. ఆ పిల్ల తల కొట్టేసినట్టు అయిపోయి గోడ చాటుకు దిగిపోయింది.

మామూలు ఇంట్లో అయితే ఆ తాబేలును బురదగుట్ట మీద పారేసేవాళ్లు. పారేసి ఉంటే చల్లబడ్డాక అదే లేచి తన దారిన పోయేది. ఇది కూర్మావతారమాయె! అలమేలుమంగ దానికి స్నానం చేయించింది, పసుపు పూసింది, వీపు మీద తులసి దళం పెట్టింది. నందివర్ధనం చెట్టు కింద మోకాలు లోతు గుంత తీశారు. కుక్కలు తవ్వకుండా పైన నాపబండ పరిచారు. అక్కడితో ఆగలేదు. సంజీవయ్యను పిలిచి, సమాధి మీద పెట్టడానికి రాతి తాబేలు ఒకటి చెక్కమంది. ఆళ్లగడ్డలో రాయి చెక్కించడం అంటే పక్క ఊళ్లో చొక్కా కుట్టించినంత సులువు. సంజీవయ్య సరేనని తలూపాడు.

ఎండ కాస్త వాలాక వరదరాజులు మా ఇంటికి వచ్చాడు. అన్నం తిన్న ముఖం కాదు. తేలు కుట్టిన దొంగలా అరుగు మీద కూర్చుని, చెప్పు కాలితో నేల గీస్తూ, "నరేశా, మీ ఇంట్లో గడ్డపార ఉండాదా?" అన్నాడు.

"ఎందుకన్నా?"

తల దించుకునే చెప్పాడు. "ఆ పిల్ల చెప్తాండంగనే నాకు తెలిసిపోయిందప్పా. అది చావలేదు. ఎండాకాలం బురదలో పండుకుంటే అట్లనే ఉంటాది. నాకు తెలుసు. నాకు తెలీకపోతే ఇంకెవురికి తెలుస్తాది?"

నాకు ఒళ్లు మండింది. "తెలిసీ బండ పెట్టించినావా? లే. ఇప్పుడే పోదాం పద."

"ఇప్పుడొద్దు. కూలీలు ఇంకా ఆడనే ఉన్నారు. దీపాల వేళకు అక్క గుడికి పోతాది. అప్పుడు పోదాం."

"అంతదాకా అది లోపల ఊపిరి బిగబట్టుకోనుండాల్నా?"

"ఉంటాదిలే. ఊపిరి లేకున్నా గుండెను మెల్లగా నడుపుకుంటాది. ఆ వేగస్ నాడి..."

"పొద్దున లేని వేగస్ నాడి ఇప్పుడు యాడ్నుంచి వచ్చింది?" అని అరిచాను.

ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. పెద్ద మనిషి, నాకంటే పెద్దవాడు, మా అరుగు మీద అట్లా కూర్చుంటే నా కోపం ఏం చేసుకోను? లోపలి నుంచి గడ్డపార తెచ్చి పక్కన పెట్టాను. అయినా ఆయన లేవలేదు. అక్క గుడికి పోయేదాకా లేవలేదు. ఆ సాయంత్రం ఎంత పొడుగ్గా సాగిందో ఆయనకు తెలియాలి, ఆ తాబేలుకు తెలియాలి. తెలిసిన తప్పును దిద్దుకోవడానికి కూడా జనం లేని వేళ కావలసి వచ్చింది ఆయనకు.

అలమేలుమంగ వీధి మలుపు తిరగగానే పెరట్లోకి పోయాం. గడ్డపారతో నాపబండ లేపాం. గుంత ఖాళీ.

వరదరాజులు గుంత పక్కన కూలబడిపోయాడు. "కుక్కలప్పా, కుక్కలు లాక్కపోయినాయి" అన్నాడు. కుక్కలు నాపబండ ఎత్తుతాయా అని నేను అనబోయేలోగా గోడ మీద సంజీవయ్య తల కనబడింది.

"సారూ, ఈడుండాది. రాండి" అన్నాడు.

వాళ్ల పెరట్లో సగం చెక్కిన దేవుళ్ల మధ్య ఒక రాతితొట్టి ఉంది. అందులో తడిమన్ను, పైన తడిపిన గోనెసంచి. జాహ్నవి సంచి తొలగించింది. కూర్మయ్య మెడ చాచి మమ్మల్ని చూశాడు. వీపు మీద పసుపు ఇంకా పోలేదు. మెడ కింద మెత్తని చర్మం ఎగిరిపడుతోంది. కూలీలూ మేమూ భోజనాలకు పోయిన వెంటనే తండ్రీ కూతుళ్లు బండ తీసి, దాన్ని తెచ్చుకుని, బండ మళ్లీ కప్పేశారట. బండలెత్తడం సంజీవయ్యకు రోజూ పనే.

"మరి అప్పుడే చెప్పలేదేందమ్మా, మీ అలమేలమ్మ పొద్దుట్నుంచీ ఏడుస్తాంది" అన్నాను.

జాహ్నవి నా వైపు తిరిగి మెల్లగా చెప్పింది. "సార్ కూలీల ముందర చెప్పినారు గదా సార్, చచ్చిపోయిందని. ఇప్పుడు మేము బతికుందంటే సార్‌ను చూసి నవ్వుతారు. సారే ఒకసారి వచ్చి చూసుకుంటారని అనుకున్యా."

వరదరాజులు ఆ మాట విని తొట్టి అంచు పట్టుకున్నాడు. పొద్దున తాను నవ్వులపాలు చేసిన పిల్ల, తనను చూసి ఎవరూ నవ్వకూడదని పగలంతా కాచుకుంది. అప్పుడు తానెక్కడ? మా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోవడం అనే మాట మనం ఊరికే వాడేస్తాం. ఆ రోజు ఆ మనిషిని చూశాక నేను ఆ మాట తేలిగ్గా వాడడం లేదు.

ఏదో అనబోయాడు. ఈలోగా గుడి నుంచి వచ్చిన అలమేలుమంగ గుంత చూసుకుని, మా మాటలు విని, గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. తాబేలును చూసి "అయ్యో నా కూర్మయ్యా!" అని ఏడ్చేసింది. ఎవరు తీశారు, ఎట్లా తీశారు అని అడిగింది. వరదరాజులు నోరు తెరిచేలోగా జాహ్నవి అనేసింది: "సారే తీయమన్నారమ్మా. మళ్లీ అనుమానం వచ్చి, తీసి తడిమన్నులో పెట్టమని చెప్పినారు."

అలమేలుమంగ తమ్ముడి గడ్డం పట్టుకుని, "నాయనా, నీ చదువు సార్థకమైంది. మన నాయన ఉంటే ఎంత సంబరపడేవాడో" అంది. వీధిలో జనం పోగయ్యారు. అందరూ ఆయననే పొగుడుతున్నారు. ఆయన మింగలేక కక్కలేక నిలబడ్డాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

నాలుగు రోజులు గడిచాయి. పరీక్షల డ్యూటీకి పోయే బస్సులో కండక్టర్ "తాబేలును బతికించిన సారు" అంటూ సీటు చూపించాడు. ఆయన కూర్చోలేదు, నంద్యాల దాకా నిలబడే వచ్చాడు. రాత్రి తిండి లేదు, నిద్ర లేదని భార్య నాతో మొరపెట్టుకుంది. అంతలో ఇంకో సంగతి తెలిసింది. సమాధి అవసరం లేకపోయినా రాతి తాబేలును వద్దనలేదు అలమేలుమంగ. దాన్ని బావి గట్టు మీద పెట్టించి, పీఠం మీద తమ్ముడి పేరు చెక్కమని సంజీవయ్యకు చెప్పింది. అది విన్న రోజు సాయంత్రం వరదరాజులు బస్సు దిగి, చేతిసంచి కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా అక్క ఇంటికి పోయాడు. నేనూ వెంట పోయాను. గట్టు మీద సంజీవయ్య ఉలి పట్టుకుని ఉన్నాడు. గోడ దగ్గర జాహ్నవి ఉంది.

"అక్కా, నా పేరొద్దు" అన్నాడు వరదరాజులు. "దాన్ని తీయమన్నది నేను గాదు. ఆ పిల్ల. నేను పూడ్చమన్నోణ్ణి."

అంతమంది ముందు ఆయన అంత మాట అనడం నేను చూడడం అదే మొదలు.

అలమేలుమంగ నవ్వింది. "పూడ్చమన్నావు, మళ్లీ తీయించినావు. అదే గదా పెద్దరికం."

"తీయించలేదక్కా! బతికుందని తెలుసు. తెలిసే పూడ్పించినా."

"చూసినావా నరేశా, వీడెప్పుడూ ఇంతే. పేరొస్తాదంటే మొహమాటం" అంది నాతో. పక్కనున్నవాళ్లు కూడా "చదువుకున్నోళ్లు అట్లనేనమ్మా, శిష్యులకే ఇస్తారు పేరు" అన్నారు. నేను నిజమేనని సాక్ష్యం చెప్పాను. నన్ను కూడా ఆయన మనిషి కింద జమ కట్టేశారు.

వరదరాజులు గోడ వైపు తిరిగాడు. "జాహ్నవీ, నువ్వు చెప్పు తల్లీ. జరిగింది చెప్పు" అని అడిగాడు. అడిగాడనడం కాదు, బతిమాలాడు. ఆ పిల్ల ఆయన్ని చూసింది, తండ్రిని చూసింది. ఏమీ చెప్పకుండా ఇంట్లోకి పోయింది. మర్యాదకు పోయిందో, కోపానికి పోయిందో నాకు తెలియదు. సంజీవయ్య కాసేపు ఆగి, ఉలి మీద సుత్తి వేశాడు. పేరు బాగా చెక్కాడు, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఇది నన్ను రాయమన్నది వరదరాజులే. "నేను చెప్తే ఎవురూ నమ్మడం లేదు. నువ్వన్నా రాయప్పా, పేరు మార్చకుండా రాయి" అన్నాడు. రాసి చూపించాను. అంతా చదివి ఒక్క చోట వేలు పెట్టాడు. "తాబేలు సంగతి ఎక్కువైంది. తాబేలు బతికింది, దానికి నా మీద కోపం లేదు. ఆ పిల్ల నోరు మూయించినా గదా, దాని గురించి రాయి" అన్నాడు.

దాని గురించి రాయడానికి ఎక్కువ ఏముంది? జాహ్నవి ఇప్పుడు మూడో సంవత్సరం. రోజూ వస్తుంది, నోట్సు శ్రద్ధగా రాసుకుంటుంది, మార్కులు బాగా వస్తాయి, కనబడితే నమస్కారం పెడుతుంది. క్లాసులో మాత్రం మాట్లాడదు. వరదరాజులు ఇప్పుడు పాఠం తొందరగా ముగిస్తున్నాడు. చాక్‌పీసు కింద పెట్టి, "ఎవురికన్నా అనుమానముండాదా? నేను తప్పు చెప్పింటే చెప్పండి" అంటాడు. మా ల్యాబులోంచి నాకు కనబడుతుంది. ఒకరిద్దరు ఏదో అడుగుతారు, జవాబు చెబుతాడు. తర్వాత కూడా కదలడు. జాహ్నవి బెంచీ వైపు సూటిగా చూడలేక, వేరే ఎటూ చూడలేక, గంట కొట్టేదాకా అక్కడే నిలబడి ఉంటాడు.